బిడ్డా, ముందు ఆ స్థలం కాగితం చూపించు

బిడ్డా,

నీ ప్లాను మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. కింద "అక్కా, దీనికి కొంచెం బుద్ధి చెప్పు" అని రాసింది. చెప్తాను గానీ, ముందు ఒక మాట. ఆ డ్రాయింగును రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. కాజీపేట దగ్గర ఇరవై గుంటల్లో ఇటుక బట్టీల ఒడిశా వాళ్లకు, బిల్డింగ్ పనుల బీహార్ వాళ్లకు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోయ కుటుంబాలకు అందరికీ కలిపి ఒక తోట. పొద్దున్నే పక్కింటావిడకు కూడా చూపించాను, మా చెల్లెలి బిడ్డ గీసింది అని. రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

నీకు తెలిసినవి తొందరగా అనేస్తా. ఆరు గంటల ఎండ పడాలి. అది మొరం నేల, మొదటి ఏడు పశువుల ఎరువు ట్రాక్టర్ల కొద్దీ తోలించు. కంపోస్టుకు మూడు గంపల ఎండుటాకుకు ఒక గంప తడి చెత్త. నువ్వు గీసిన రేకుల షెడ్డు వంద చదరపు మీటర్లు ఉంది కదా, ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, ఊకె మోరీలోకి పోనివ్వకు. ఆ నీళ్ల ట్యాంకుకు మాత్రం మూత, మూతకు తాళం ఉండాలి. లేకపోతే నేనే వచ్చి పగలగొడతా. తల్లులు మడిలో వంగి ఉంటారు, పిల్లలు నీళ్ల దగ్గరే ఉంటారు. ఒకసారి నీళ్ల డ్రమ్ములోంచి రెండు చిన్న కాళ్లు మాత్రమే పైకి కనబడ్డాయి. లాగాను, బతికాడు. ఇంక దాని గురించి రాయలేను.

మరి బాత్రూం ఏది? గుండ్రటి మెట్లున్న వేదిక గీశావు, టీ కౌంటరు గీశావు, ఆడవాళ్లకు బాత్రూం లేదు. చంటిపిల్లల తొట్టెల కట్టడానికి నీడలో ఒక గట్టి దూలం లేదు. కూలి మనుషులు పని దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది, లైట్లు ఎక్కడ పెడతావు? తోట పక్కన నాలా గీత ఒకటి కనబడుతోంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో నువ్వు చూశావు కదా. అది శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే భూమి) కాదని తేల్చుకున్నాకే గడ్డపార ముట్టు.

ఇంకోటి. పైన పెద్ద అక్షరాలతో "శరణార్థుల తోట" అని రాశావు. తీసెయ్. ఛత్తీస్‌గఢ్ వాళ్లు 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం గొడవలు మొదలయ్యాక అడవి దాటి ములుగు, భూపాలపల్లి వైపు వచ్చినవాళ్లు. ప్రాణం అరచేత పట్టుకుని వచ్చిన మాట నిజమే, కానీ దేశం సరిహద్దు దాటలేదు, వాళ్లదీ ఈ దేశమే. బోర్డు మీద ఆ మాట చూస్తే వాళ్లు గేటు దాకా వచ్చి తిరిగిపోతారు. కూరగాయల తోట అని రాయి, చాలు.

ఇటుక బట్టీల వాళ్లు దసరా పోయాక వస్తారు, వానలకు ముందే ఊరికి పోతారు. నీ పంటల పట్టిక జూన్‌లో మొదలవుతోంది! నువ్వు విత్తే రోజుకు వాళ్లు ఒడిశాకు, బలంగీర్ పోయే రైల్లో ఉంటారు. వాళ్ల మళ్లలో నవంబర్‌లో విత్తించు. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, బీర, సొర రెండు నెలలు. వానాకాలం మళ్లు ఇక్కడే ఉండిపోయిన వాళ్లకు.

ఇప్పుడు నిద్ర పట్టని సంగతి.

నేను ఉద్యాన శాఖలో ఉన్నప్పుడు, నీకప్పుడు ఏడెనిమిదేళ్లు, హన్మకొండ శివారులో ఇట్లాంటిదే చిన్నది ఒకటి మొదలుపెట్టాను. ఆఫీసు పని కాదు, నా సొంత పిచ్చి. ఒకాయన ఖాళీ ప్లాటు ఇచ్చాడు. "మేడం, మీకు కాగితమెందుకు, నా మాట చాలదా" అన్నాడు. చాలు అనుకున్నాను. మంచివాడే, అబద్ధం చెప్పలేదు, ఆ రోజుకు అది నిజమే. పదకొండు కుటుంబాలు. మొదటి ఏడాది రాళ్లు ఏరడమే సరిపోయింది. తుమ్మ మొద్దులు తీశాం, ఆదివారం ఆదివారం పెంట మోశాం. రెండో ఏటికి మట్టిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేది. ఛత్తీస్‌గఢ్ ఆమె ఒకామె మన పుంటికూర (గోంగూర) చూసి, వాళ్ల పేరుతో "అమారీ, అమారీ" అని చెట్టును పట్టుకుని నవ్వింది. నాకు అప్పుడు కళ్లు నెత్తికెక్కాయి. అందరినీ నిలబెట్టి, "ఇది మీ తోటే అనుకోండి, మునగ పెట్టండి, మామిడి పెట్టండి" అన్నాను.

పెట్టారు. ఒకామె ఒడిశా నుంచి చామ దుంపలు తెచ్చి నాటింది. ఏటా పోయి వచ్చే మనిషి ఆ ఏడు భర్తను పంపి తను ఆగిపోయింది, చెట్లకు నీళ్లెవరు పోస్తారని.

మూడో ఏడు ఎండాకాలం ప్లాటు అమ్ముడుపోయింది. చదునుగా, పచ్చగా కనబడింది కదా, మంచి రేటే వచ్చిందట. ఓనరు రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెప్పాడు, పాపం ఆయనకూ ఇబ్బందిగానే ఉంది. జేసీబీ వచ్చిన పొద్దున బెండ కాపు మీద ఉంది. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ ఒడిశా ఆమె చామ దుంపలను ఒక్కొక్కటే చేత్తో తవ్వి, మట్టి దులిపి, సిమెంటు సంచిలో వేసుకుంది. సంచి ఎత్తుకుని నా ముందు ఆగి, "మేడం, మీది అన్నారు కదా" అంది. కోపంగా కూడా అనలేదు. మునగ చెట్టు అప్పటికి నా కంటే ఎత్తు ఉంది.

ఒకసారి ఇల్లు వదిలి వచ్చిన వాళ్లను నేను రెండోసారి వెళ్లగొట్టాను బిడ్డా. జేసీబీ వాడు కాదు, నేను.

కాబట్టి నీ ఓనరు పదకొండు నెలల అగ్రిమెంటు అంటే ఒప్పుకోకు. రిజిస్ట్రేషన్ తప్పించుకోవాలని అందరూ పదకొండు నెలలు రాసుకుంటారు. ఇంటి అద్దెకు అట్లా నడిచిపోతుంది. నేల తయారవడానికే మూడేళ్లు పడుతుంది, నీకు ఐదేళ్లు తక్కువ. రిజిస్టర్ చేయించు. అమ్మినా పంట చేతికొచ్చేదాకా ఆరు నెలలు ఆగాలని అందులో రాయించు. అప్పటిదాకా "మీది" అనే మాట నీ నోట్లోంచి రాకూడదు. "ఇన్నేళ్లు మనకుంది" అని లెక్క చెప్పు. వాళ్లు అర్థం చేసుకుంటారు, మనకంటే బాగా.

సగం పంట మళ్లలో కాదు, బస్తాల్లో, నూనె డబ్బాల్లో పెట్టించు. నవ్వకు. మీ అమ్మ అప్పటికి పుట్టలేదు, మేం మహారాష్ట్రలో, భివండీలో ఉన్నాం, బాపు సాంచాల (మరమగ్గాల) మీద పని. ఒకటే గది, గుమ్మం పక్కన నూనె డబ్బాలో మీ అమ్మమ్మ పుంటికూర పెంచేది. పక్కింటి మరాఠీ ఆమె అంబాడీ అని రెండు రెమ్మలు అడుక్కునేది, ఆమె కొడుకు మాత్రం మమ్మల్ని కామాఠీలని, తెలుగు కూలోళ్లని వెక్కిరించేవాడు. గది ఖాళీ చేయమన్న రోజు అమ్మ ఇత్తడి బిందెను ఎవరికో అమ్మేసి, ఆ డబ్బాను నెత్తిన పెట్టుకుంది. బాపు దారంతా తిట్టాడు. కొత్త గదికి పోయిన సాయంత్రం మాకు పుంటికూర పప్పే.

నీ డ్రాయింగు బాగుంది. నిజంగా బాగుంది, పైకి చెప్పడం రాదు నాకు. ఎండలో తిరగకు, పైలం. రేపు ఆ స్థలం ఓనరు నంబరు పంపు, మీ అమ్మకు చెప్పకు. నేనే ఒకసారి మాట్లాడతా.

మీ పెద్దమ్మ