పాత పులుల లెక్కలను ఇప్పటి లెక్కలతో పోల్చవచ్చా?

మన దేశంలో 2006కు ముందు వేసిన పులుల లెక్కలను ఆ తర్వాతి లెక్కల పక్కన పెట్టి ‘ఇన్ని పెరిగాయి, ఇన్ని తగ్గాయి’ అని చెప్పకూడదు, ఎందుకంటే లెక్కపెట్టే పద్ధతే మారిపోయింది. అప్పట్లో అటవీ సిబ్బంది పాదముద్ర మీద గాజు పలక పెట్టి గీసుకునేవారు, లేదా ప్లాస్టర్ అచ్చు తీసేవారు. ఆ ఆకారాన్ని బట్టి అది ఏ పులో తేల్చేవారు. కానీ ఒకే పులి అడుగు మెత్తటి బురదలో ఒకలా, పొడి ఇసుకలో ఇంకోలా పడుతుంది. అలా ఒక్క పులే రెండుగా లెక్కలోకి ఎక్కే ప్రమాదం ఉండేది. ఇప్పుడు కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటోల్లో చారలు చూస్తారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. కెమెరాకు చిక్కనివాటిని గణాంక పద్ధతుల్లో అంచనా వేస్తారు.

పాత పద్ధతిలో 2002లో 3,642 అన్నారు. కొత్త పద్ధతిలో 2006లో 1,411 అన్నారు, అదీ పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్స్ మడ అడవులను కలపకుండా. నాలుగేళ్లలో రెండు వేలకు పైగా పులులు చనిపోయాయని చాలామంది పొరబడతారు. వేట వల్ల జరిగిన నష్టం నిజమే, రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదు. అయితే ఆ తేడాలో వేట వాటా ఎంత, పద్ధతి వాటా ఎంత అన్నది ఈ రెండు అంకెలను బట్టి తేలదు.

అలాగని పాత రికార్డులు పనికిరావనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఏ అడవిలో ఏ ఏడాది వరకు పులి అడుగు కనిపించిందో తెలిసేది వాటివల్లే.