సిరిపురం, వీఐపీ రోడ్డు వైపు అమ్మానాన్నలతో వెళ్లాలంటే

"అమ్మానాన్నలతో ఒక్క రోజు విశాఖ వస్తున్నాం. సిరిపురం, వీఐపీ రోడ్డు వైపు చూడాలని ఉంది. అంత పెద్ద షాపుల్లోకి మాలాంటివాళ్లం వెళ్లగలమా?" అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. మీ ప్రశ్నలోని ఆ చివరి మాట చూసే ఈ జవాబు రాస్తున్నాను. చెల్లి పెళ్లికి చీరలు కొనడానికి బయల్దేరిన రోజు మా అమ్మ కూడా నన్ను ఇదే అడిగింది.

మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల నేను చినవాల్తేరులో ఉంటున్నాను. ఆ రోజు మేం మొదట ఎక్కిన షోరూము పేరు చెప్పను. అద్దాల తలుపు ముందు అమ్మ చెప్పులు విడవబోతే నేనే వద్దన్నాను. కూర్చున్నామో లేదో "ఎంతలో చూపించమంటారు?" అన్నాడు అక్కడి అబ్బాయి. అమ్మ చెప్పిన మొత్తం విని రెండు చీరలు తెచ్చి ముందు పెట్టాడు. అమ్మ అలవాటు ప్రకారం కొంగు తిరగేసి వెనకవైపు పోగులు చూడబోయింది. "అలా తిప్పకండమ్మా, మడత పోతుంది" అంటూ చేతిలోంచి లాగేసుకున్నాడు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద వడికే ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ పెట్టి ఒక్కసారి నలిపితే నూలు ఎంత సన్ననిదో చెప్పగలదు. ఆ చేతిలోంచి చీర లాక్కోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏమీ అనకుండా లేచి వచ్చేశాం. కొంచెం ముందుకు నడిస్తే ఇంకో దుకాణం. అక్కడున్న పెద్దావిడ ధర మాట ఎత్తకుండా "పెళ్లికూతురికా, బంధువులకు పెట్టడానికా?" అని అడిగింది. పదిహేను చీరలు పరిచింది. అమ్మ చెయ్యి చాపకముందే తానే కొంగు తిరగేసి, "చూడండి, వెనక ఎక్కడా పోగు తేలలేదు" అని చూపించింది. మూడు చీరలు అక్కడే తీసుకున్నాం. కాబట్టి ఒక చోట మర్యాద దక్కకపోతే ఆ వీధి మొత్తాన్నీ వదులుకోకండి. చూడటానికి, తాకడానికి, ధర అడగడానికి, కొనకుండా లేచి రావడానికి కూడా మీకు హక్కుంది. అమ్మగారికి ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

పట్టుచీర కొంటే సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో మొదలైన గుర్తు అది, స్వచ్ఛమైన పట్టు అని దాని అర్థం. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరుగా ఉంటుంది. ఆ పట్టు మగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద నేసిందా అన్నది సిల్క్ మార్క్ చెప్పదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బంగారమైతే నగ మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ సంఖ్య, అంటే ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. షాపువాళ్ల ముందే చూడండి, మొహమాటం వద్దు. ధర తగ్గాలంటే ఆషాఢంలో రావడం మంచిది, కాకపోతే ఆ నెలలో రద్దీ విపరీతం. రోజువారీ బట్టలకు జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు చాలు.

ఇక చూడటం గురించి. ఎండ చల్లబడ్డాక ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మొదలుపెట్టండి. ఆశీలుమెట్ట దాటగానే సంపత్ వినాయగర్ గుడి వస్తుంది. ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లు చాలామంది మొదట అక్కడికే తెచ్చి పూజ చేయిస్తారు. అమ్మానాన్నలకు ఆ సందడి నచ్చుతుంది. అక్కడి నుంచి సిరిపురం కూడలి ఎంతో దూరం లేదు. దత్ ఐలాండ్, వీఐపీ రోడ్డు, సీబీఎం కాంపౌండ్ అన్నీ ఈ చుట్టుపక్కలే. సీబీఎం అంటే కెనడియన్ బాప్టిస్ట్ మిషన్. ఈనాటి మెరుపుల నడుమ ఆ పాత పేరు అలాగే నిలిచింది.

నాకు షాపుల కన్నా వాటి వెనక వీధులంటే ఇష్టం. వాల్తేరు అప్‌ల్యాండ్స్ పేరుకు తగ్గట్టే మెరక నేల. పాత బంగ్లాలు కొన్ని పోయి అపార్ట్‌మెంట్లు లేచినా, ప్రహరీల మీద నుంచి వేలాడే కాగితంపూలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ రోడ్లపై చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మర్నాడు కొమ్మల మధ్య దారి వెతుక్కుంటూ నడిచాను. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు నీడనిస్తున్నాయి. వాటి కింద ఆగి ఊపిరి పీల్చుకోకుండా షాపు నుంచి షాపుకు ఆటోలో తిరిగితే ఈ చోటు మీకు తెలియదు.

సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా దిగితే బీచ్ రోడ్డు వస్తుంది. దారంతా పల్లమే, కానీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆటో మాట్లాడుకోండి. ఎక్కే ముందే ఛార్జీ ఖాయం చేసుకోండి. ఆ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లాలంటే గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దాటాలి, పెద్దవాళ్లకు కష్టం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఓడ అది, బయటి నుంచి చూసినా తృప్తిగా ఉంటుంది. ఆర్కే బీచ్‌లో మాత్రం స్నానానికి దిగవద్దు. అలలు మామూలుగా కనిపించినా లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, ఏటా ప్రాణాలు పోతున్నాయి. పాదాలు తడిస్తే చాలు.

ఆ రోజు మేమూ అక్కడే ఆగాం. అమ్మ గట్టు మీద కూర్చుని మూరీ మిక్చరు తింటూ, మధ్యలో చేతులు కొంగుకు తుడుచుకుని, సంచిలోంచి ఒక చీర కొద్దిగా బయటికి లాగి వీధి దీపం వెలుగులో మళ్లీ వెనకవైపు చూసుకుంది.