ఉద్యోగమే సేఫ్ అంటున్నారు, సొంతంగా పెట్టుకోనా?

ప్రశ్న: ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా క్లాసులో అమ్మాయిలమే ఎక్కువ. సొంతంగా ఏదైనా పెడతామనేది మాత్రం ఎక్కువగా అబ్బాయిలే. నాకూ ఆ కోరిక ఉంది. ఇంట్లో ఆడపిల్లకు ఉద్యోగమే సేఫ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి, అందులో కొంత నిజముంది. అమెరికా ఫార్మసిస్టుల మీద ఆర్థికవేత్తలు క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్ చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. సొంత షాపులు తగ్గి చైన్ స్టోర్లు, ఆసుపత్రుల ఉద్యోగాలు పెరిగాక ఆడ, మగ జీతాల మధ్య తేడా బాగా తగ్గిందని అందులో తేలింది. ఒకరి డ్యూటీ ఇంకొకరు తేలిగ్గా అందుకోవచ్చు మరి. సొంతమైతే, మీకు జ్వరమొచ్చిన రోజు కౌంటర్లో నిలబడే మనిషిని మీరే వెతుక్కోవాలి.

ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో రాసిన సిద్ధాంత వ్యాసం ఒకటుంది. ఏ పనికైనా పూనుకోవాలన్న ఉద్దేశం మూడింటి మీద నిలుస్తుందంటారాయన: ఆ పని మీద ఇష్టం, మనవాళ్లు ఏమంటారన్నది, మనం చేయగలమన్న నమ్మకం. మీ ప్రశ్నలో మొదటిది ఉంది, రెండోది అడ్డుపడుతోంది. మూడోదాని గురించి ఒక్క ముక్క లేదు. నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో చాలామంది ఇంతే. డోసు అడిగితే టక్కున చెబుతారు, షాపులో ఆ మందుల అల్మారాలో ఎంత డబ్బు ఇరుక్కుందంటే నవ్వేస్తారు. అబ్బాయిలకూ తెలియదు లెండి, కాకపోతే ఒప్పుకోరు.

అందుకే ముందు ఏడాదో రెండేళ్లో ఉద్యోగం చేయండి, కానీ కొనుగోళ్ల పని అడిగి మరీ తీసుకోండి. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు ముందు వరసలోకి జరపడం ఎవరైనా చేస్తారు. అవి ఎందుకు మిగిలాయో చూడండి. డాక్టర్లు రాయడం మానేశారా, ఇన్ని కొంటే ఇన్ని ఉచితమనే కంపెనీ స్కీమ్ ఉందని పది పెట్టెలు ఎక్కువ తెప్పించారా, వాపసు గడువు దాటిపోయిందా? మూణ్ణెల్లు రాసుకోండి. వీలైతే ఒక మహిళా యజమానిని కలిసి, పెట్టుబడి ఎలా తెచ్చారో, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎలా నెట్టుకొచ్చారో అడగండి.

తర్వాత ఇంట్లో కాగితం మీద లెక్క పెట్టండి: ఎంత పెట్టుబడి, ఎన్ని నెలల నష్టం దాకా ఓర్చుకుంటారు, మీరు లేనప్పుడు ఎవరు. తమ్ముడు ఇదే లెక్క తెస్తే ఏం అడుగుతారో, మిమ్మల్నీ అవే అడగమనండి.

ఇంకో సంగతి. "షాపుకు డబ్బు మేం పెడతాం, నీ ఫార్మసీ సర్టిఫికెట్ ఇస్తే చాలు" అంటూ ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. తప్పు జరిగితే సంజాయిషీ చెప్పాల్సింది మీరే.