సీనియర్లు కొత్త పద్ధతికి ఎందుకు మొరాయిస్తారు? మా బ్రాంచిలో నేను చూసింది

ప్రశ్న అడిగినవారి ఆఫీసులో రిజిస్టర్లు తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నారట. ఇరవై ఏళ్ల సర్వీసున్నవాళ్లు సహకరించడం లేదట. ఇలాంటప్పుడు కఠినంగా ఉండే బాసు మేలా, అందరినీ కలుపుకుపోయే బాసు మేలా అని అడిగారు.

నేను 1984లో బ్యాంకులో చేరి 2016 అక్టోబరులో రిటైరయ్యాను. (నోట్ల రద్దుకి ముందు నెలే. ఏ జన్మలోనో పుణ్యం చేసుకున్నాను.) మీరడిగిన రెండు రకాల మేనేజర్ల కిందా, ఒకే బ్రాంచిలో, ఒకే మార్పు జరుగుతున్నప్పుడు పనిచేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. మీ సీనియర్లకి సాఫ్ట్‌వేర్ మీద కోపమేమీ లేదండీ. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి ముందు చేతకానివాళ్లలా కనబడాల్సి వస్తుందని భయం. ఇది తెలిసిన బాసు నాలుగు కేకలేసినా చెల్లుతుంది. తెలియనివాడు ఎంత నవ్వుతూ మాట్లాడినా పని జరగదు.

కంప్యూటర్లంటే బ్యాంకువాళ్లు మొదట్నించీ గొడవే అంటారు. నిజమే, 1983లో యూనియన్లూ బ్యాంకుల సంఘమూ కూర్చుని యంత్రాలు ఎంతవరకు పెట్టుకోవచ్చో ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. కానీ నేను కళ్లారా చూసింది వేరు. ఏఎల్‌పీఎం అనే లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు (ఖాతాల పద్దులు ఎక్కించేవి) వచ్చినప్పుడు అప్పుడు నేనున్న బ్రాంచిలో ఒక్కరూ దాని దగ్గరికి పోలేదు. ఆపరేటరుకి అలవెన్సు ఉందని తెలిసిన రోజున మాత్రం సీనియారిటీ లిస్టు పట్టుకుని కొట్లాడుకున్నారు.

అసలు సంగతికి వస్తా. 2005, దివిసీమలో ఒక మండల కేంద్రం. బ్యాంకు పేరు వద్దులెండి. పట్నం బ్రాంచిలు అప్పటికే కంప్యూటర్లలో ఉన్నా, మాది ఇంకా లెడ్జర్ల మీదే నడిచేది. అక్కడినుంచి నేరుగా, బ్రాంచిలన్నిటి ఖాతాలూ ఒకే సెంట్రల్ కంప్యూటర్లో నడిచే కోర్ బ్యాంకింగ్‌లోకి దూకాలి. స్టాఫా, సగమే. 2000-01లో వచ్చిన స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, వీఆర్‌ఎస్‌లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది వెళ్లిపోయారు, మా దగ్గర ఇద్దరు. వాళ్ల బదులు ఎవర్నీ ఇవ్వలేదు.

సేవింగ్స్ కౌంటర్లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఇరవై ఆరేళ్ల సర్వీసు. రైతు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఈయన లెడ్జరు లాగి ఫోలియో తిప్పేసేవాడు. పాస్‌బుక్కు చూడాల్సిన పనిలేదు. బ్యాలెన్సు ఎంతుందో, బంగారం మీద అప్పు ఎప్పుడు తీర్చాలో, తమ్ముడితో గట్టు తగాదా ఎక్కడిదాకా వచ్చిందో అన్నీ నోటికే. ఆరునెలల బ్యాలెన్సింగ్‌లో నాలుగు రూపాయల తేడా వస్తే రాత్రి పదకొండైనా పట్టుకుని గానీ లేచేవాడు కాదు. ఊళ్లో మేనేజరుకి లేని గౌరవం ఆయనకుండేది. అలాంటి మనిషి కీబోర్డు ముందు కూర్చుని 'ఎస్' అక్షరం ఎక్కడుందా అని వెతుక్కోవాలి. పక్కన పాతికేళ్ల కుర్రాడు టకటకా కొట్టేస్తుంటాడు.

అప్పటి మేనేజరు సర్క్యులర్ల మనిషి. ఖాతాల వివరాలు ఎక్కించడానికి బయటినుంచి డేటా ఎంట్రీ పిల్లల్ని పెట్టారు. స్టాఫుకి గడువు పెట్టారు, దాటితే మెమో. ఒకరోజు హాలు నిండా జనం ఉండగా, "ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఎంటర్ కొట్టడం రాదా?" అని పెద్దాయన్ని అరిచారు. ఒక రైతు నవ్వాడు. మర్నాడు పెద్దాయన మెడికల్ లీవు పెట్టాడు, పదిహేను రోజులు.

ప్రమోషన్ పరీక్షకి నేను బట్టీపట్టిన వాటిలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన ఒకటుంది. 1930ల చివర అమెరికాలో పదేళ్ల పిల్లల్ని గుంపులు చేసి, ఒక గుంపుకి హుకుం చేసే పెద్దని, ఒక గుంపుకి అడిగి చేయించే పెద్దని, ఒకదానికి ఏమీ పట్టించుకోని పెద్దని పెట్టి చూశారు. హుకుం గుంపు పెద్ద ఉన్నంతసేపూ బాగా పనిచేసిందట, ఆయన గది దాటగానే పని పడిపోయిందట. మా బ్రాంచిలో అచ్చం అదే. మేనేజరు జోనల్ ఆఫీసు మీటింగుకి బస్సెక్కడం ఆలస్యం, మానిటర్లకి గుడ్డ కప్పేసి లెడ్జర్లు తీసేవాళ్లం. నేనూ తీశాను.

మూడు నెలలకి ఆయనకి బదిలీ అయింది. కొత్తాయన వచ్చిన రెండోరోజే స్టూలు లాక్కుని కుర్రాడి పక్కన కూర్చున్నారు. "నాకు నేర్పు బాబూ, నాకేం రాదు." అయిదు వేలు కొట్టమంటే యాభై వేలు కొట్టారు. అందరం చూస్తున్నాం. "అయ్యో, ఇప్పుడేం చెయ్యాలి?" అని గట్టిగానే అడిగారు. కుర్రాడు దిద్ది చూపించాడు. ఆ సున్నా కావాలనే ఎక్కువ కొట్టారని నా అనుమానం. తర్వాతెప్పుడో పెళ్లిలో కలిస్తే అడిగాను కూడా, "భోంచేశారా" అన్నారు.

ఆ వారమే డేటా ఎంట్రీ ప్రింటవుట్లు తెచ్చి పెద్దాయన బల్లమీద పెట్టారు. "ఈ పిల్లలకి ఊరు తెలీదండీ. మీరు చూడకపోతే మునిగిపోతాం." అది ముఖస్తుతి కాదు, పచ్చినిజం. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వరరావులుంటే ఇద్దర్ని ఒకే ఖాతాదారు కింద కలిపేశారు. చనిపోయిన తండ్రి సంతకం కొడుకు ఖాతాకి స్కాన్ చేశారు. పెద్దాయన ఎర్ర పెన్నుతో కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాడు. వారం తిరక్కుండా దిద్దినవి తనే తెరమీద సరిచూసుకోవడం మొదలెట్టాడు, కుర్రాడు తప్పు కొట్టాడేమోనని అనుమానం. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు.

కోర్ బ్యాంకింగ్ మొదలైన సోమవారం పదకొండుంపావుకి సెంట్రల్ కంప్యూటరుతో లింకు పోయింది. బయట ఎరువుల సీజను జనం. శనివారం సాయంత్రమే తీయించిపెట్టిన బ్యాలెన్సు లిస్టుని మేనేజరు పెద్దాయన చేతికిచ్చి, "మీరు టిక్ పెట్టినవాళ్లకి ఇచ్చేద్దాం, సంతకం నాది" అన్నారు. మూడున్నరకి లింకు వచ్చేసరికి తొంభైకి పైగా వోచర్లున్నాయి. పెద్దాయన రెండు వేళ్లతో అన్నీ తనే ఎక్కించాడు, రాత్రి తొమ్మిదైంది. కుర్రాడు పక్కన నిలబడి వోచర్లు అందించాడు. తేడా ఒక్క పైసా లేదు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు మా వీధిలోవాళ్లు పాస్‌బుక్కు చూసుకుని బాధపడ్డారు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన బ్యాంకు. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఖాతా పనిచేస్తూనే ఉంది. అయినా బాధపడ్డారంటే పోయింది డబ్బు కాదుగా. మీ సీనియర్లదీ ఆ బాధే అనుకుంటాను. దానికి వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే "మార్పే జీవితం" అని పువ్వుల బొమ్మ పెడితే ఇంకా మండుతుంది, దయచేసి పెట్టకండి.

కొత్తాయనకి ఆ ఏడాది ప్రమోషను రాలేదు. అరిచినాయన రెండేళ్ల తర్వాత ట్రైనింగ్ సెంటర్లో, సిబ్బందిని మార్పుకి ఎలా సిద్ధం చెయ్యాలో క్లాసులు చెప్పారు. ఒకదానికి నన్నూ పంపారు. పకోడీ బాగుంది.