సమాధానం: ఇస్లాం ఆరంభం 610నా, 622నా?

మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టులో ఇస్లాం ఆరంభానికి ఏ సంవత్సరం రాయాలని అడిగారు కదా. టెన్షన్ పడకండి, రెండూ రాయొచ్చు. 610లో మక్కా దగ్గర హిరా గుహలో ముహమ్మద్ ప్రవక్తకు తొలి దైవవాణి అందిందని ముస్లింల నమ్మకం. మక్కాలో వేధింపులు పెరగడంతో 622లో ఆయన మదీనాకు వలస వెళ్లారు. అదే హిజ్రత్. తర్వాత ఖలీఫా (ప్రవక్త తర్వాతి ముస్లిం పాలకుడు) ఉమర్ కాలంలో హిజ్రీ శకాన్ని, అంటే ఇస్లామిక్ క్యాలెండర్‌ను, ఆ ఏడాది నుంచే లెక్కించారు. ప్రవక్త పుట్టుకను కాకుండా వలసను ఎంచుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ముస్లింలు ఒక సమాజంగా నిలదొక్కుకున్నది మదీనాలోనే.

ఇంకొకటి, మీరు పెట్టిన డ్రాఫ్టులో నమాజు, ఉపవాసం, జకాత్ (తప్పనిసరి దానం), హజ్ (మక్కా యాత్ర) 'నమ్మకాలు' కింద ఉన్నాయి. అవి ఆచరించే విధులు. దేవుడు ఒక్కడే, దైవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పుదినం, దైవ నిర్ణయం (తలరాత): ఇవీ నమ్మకాలు. నమాజు లాంటి విధులకు వేరే శీర్షిక పెట్టించండి. ఇబ్రహీం (అబ్రాహాము), మూసా (మోషే), ఈసా (యేసు)లను కూడా ముస్లింలు ప్రవక్తలుగానే గౌరవిస్తారని తప్పకుండా రాయమనండి.