నుమాయిష్‌కి పిల్లలతో వెళ్తుంటే ముందు రైడ్స్, తర్వాతే షాపింగ్

మీరడిగింది ఇదీ: కరీంనగర్ నుంచి వచ్చి ఒక సాయంత్రం హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, చూడాలి. వెంట ఆరేళ్ల బాబు, పదమూడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తయ్యగారు. ఏ రైడ్ ఎవరిని ఎక్కించొచ్చు, మౌత్ కా కువా (బావి గోడల మీద బైకులు తిప్పే షో) పిల్లలకు చూపించొచ్చా, స్టేజీ ప్రోగ్రాములు చూడదగ్గవేనా అని. నేను మల్లేపల్లిలో పెరిగాను. జనవరి వచ్చిందంటే ఇంటికొచ్చిన చుట్టాలను నుమాయిష్‌కి తిప్పే డ్యూటీ నాదే. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు వేళ సంగతి. చాలామంది గేటు దాటగానే స్టాళ్లలో పడిపోతారు. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తీలు బేరమాడుతూ, మధ్యలో మిర్చి బజ్జీలు, హలీం కానిచ్చి, రాత్రి తొమ్మిదింటికి చేతి నిండా సంచులతో రైడ్స్ దగ్గరికి చేరతారు. అప్పటికి లైన్లు చాంతాడంత ఉంటాయి. పిల్లలకి నిద్ర, పెద్దవాళ్లకి కాళ్ల పీకులు. పైగా ఆ నిండు కడుపుతో గిరగిరా తిప్పే బ్రేక్ డ్యాన్స్ రైడ్ ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీరు దీన్ని తిరగేయండి. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగు ప్రాంతంలో గేట్లు తెరుస్తారు. ఐదు లోపే రైడ్స్ దగ్గరుంటే ఏడింటికల్లా పిల్లల ముచ్చట తీరిపోతుంది. లైట్లు వెలిగాక స్టాళ్లు చూడటానికి ఎలాగూ బాగుంటాయి. శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, జనవరి 26 మాత్రం వద్దే వద్దు. ఆ రోజుల్లో జనం మనల్ని నడిపిస్తారు, మనం నడవం.

ప్రవేశ టికెట్ 2025లో 50 రూపాయలు, ఐదేళ్లలోపు పిల్లలకు లేదు. రైడ్స్‌కి దేనికది మళ్లీ వేరే టికెట్. అన్నీ ఎక్కాలంటే జేబు ఖాళీ అవుతుంది కాబట్టి ఏవి ఎక్కాలో ఇంట్లోనే అనుకుని రండి.

టికెట్ కొనే ముందు ఆ రైడ్ ఒక పూర్తి రౌండ్ నిలబడి చూడండి. ఇది నేను ఎప్పుడూ వదలను. రైడ్ ఎంత వేగంగా తిరుగుతోందన్నది తర్వాత, తిప్పేవాడిని చూడండి. ప్రతి సీటు దగ్గరికీ వచ్చి అడ్డకడ్డీని చేత్తో లాగి చూస్తున్నాడా, దూరం నుంచే విజిల్ ఊది మొదలుపెట్టేస్తున్నాడా? ఎవరైనా ఆపమని అరిస్తే పట్టించుకుంటున్నాడా, ఫోన్‌లో మాట్లాడుతున్నాడా? నచ్చకపోతే మొహమాటం లేకుండా పక్కదానికి వెళ్లిపోండి. 2025 జనవరిలో ఇక్కడే ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి అందులోవాళ్లు తలకిందులుగా ఇరుక్కుపోయిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. అందరూ క్షేమంగానే దిగారు. కానీ తలకిందులు చేసే రైడ్ మా పిల్లలెవరినీ నేను ఎక్కనివ్వను, వాళ్లెంత అలిగినా సరే.

ఆరేళ్ల బాబుకి రంగులరాట్నం, చిన్న డ్రాగన్ రైలు చాలు. డ్యాషింగ్ కార్లు మీ పక్కన కూర్చోబెట్టుకుని నడపొచ్చు గానీ, వాడి చేతులు, కాళ్లు కారు లోపలే ఉండాలి. గుద్దుకోవడమే ఆట కాబట్టి ఎదురుగా వచ్చే కుర్రాళ్లు జాలి చూపరు.

జెయింట్ వీల్ మీతో పాటు ఎక్కితే పర్వాలేదు. కాకపోతే ఒక విషయం ముందే చెప్పి ఎక్కించండి. చక్రం ఒక పక్కకు బరువెక్కకుండా ఎదురెదురు డబ్బాలు చూసుకుని జనాన్ని నింపుతారు, దింపేటప్పుడూ అంతే. అందుకని మీ డబ్బా సరిగ్గా పైన ఉన్నప్పుడు చక్రం ఆగుతుంది, కాస్త ఊగుతుంది, మళ్లీ కదులుతుంది. సంగతి తెలియని పిల్లలు అక్కడే బెంబేలెత్తిపోతారు. మా అక్క కూతురు పైన ఆగగానే కళ్లు మూసుకుని ఏడుపు లంకించుకుంది. కిందివాళ్లు ఎక్కుతున్నారమ్మా, లెక్కపెట్టు అంటే ఒక కన్ను తెరిచి, డబ్బాలు లెక్కపెడుతూ దిగేదాకా కూర్చుంది.

పాప ఓడలా ముందుకీ వెనక్కీ ఊగే కొలంబస్ ఎక్కుతానంటుంది చూడండి, ఆ వయసు పిల్లలంతా అంతే. ఎక్కనివ్వండి. ఓడలో కొసల్లో ఉన్న సీట్లు బాగా పైకి లేస్తాయి, కడుపులో గుభేల్‌మనేది అక్కడే. నడి మధ్య వరసలో ఆ ఊపు బాగా తక్కువ. మొదటిసారి మధ్యలో కూర్చోమనండి, ధైర్యం వస్తే రెండోసారి కొసకు వెళ్తుంది. బ్రేక్ డ్యాన్స్‌లో ఇంకో కిటుకు ఉంది. తిరిగేటప్పుడు లోపలివాళ్లు జారి బయటి వైపువాళ్ల మీద పడతారు. కాబట్టి బరువున్నవాళ్లు బయటి వైపు, పిల్లలు లోపలి వైపు కూర్చోవాలి. లేకపోతే రౌండ్ అంతా పాప మీ కింద నలిగిపోతుంది. చున్నీ తీసి బ్యాగులో పెట్టడం, జుట్టు ముడి వేసుకోవడం ఎక్కే ముందే అయిపోవాలి.

అత్తయ్యగారికి నా ఓటు టాయ్ ట్రైన్‌కే. కూర్చున్న చోట నుంచే మైదానం చుట్టూ తిరిగి చూడొచ్చు, బాబూ తోడొస్తాడు. జెయింట్ వీల్ మెట్లు, ఊగే డబ్బాలోకి కాలు పెట్టడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. పెద్దావిడ మనసుపడ్డా నచ్చజెప్పండి.

ఇక మౌత్ కా కువా. నన్నడిగితే నుమాయిష్‌లో లైవ్ షో అంటే ఇదే. చెక్క పలకలు నిలువుగా బిగించి కట్టిన పెద్ద గుండ్రటి బావి. మనం మెట్లెక్కి పై అంచున నిలబడి లోపలికి తొంగి చూడాలి. షోకి ముందు బయట బైకులు స్టార్ట్ చేసి రేజ్ చేస్తుంటారు, ఆ చప్పుడుకే సగం జనం పోగవుతారు. లోపల బైకు ముందు అడుగున చుట్లు కొట్టి, ఏటవాలు పలకల మీదికెక్కి, అక్కడ వేగం అందుకుని నిలువు గోడ మీదికి వెళ్తుంది. బైకు మన కిందుగా వెళ్లిన ప్రతిసారీ మనం పట్టుకున్న కడ్డీ, నిలబడ్డ పలక రెండూ అదురుతాయి. పెట్రోలు పొగ ముక్కుకి కొడుతుంది. తర్వాత కారు ఎక్కుతుంది. కారు గోడ మీద ఉండగానే నడిపేవాడు తలుపులోంచి బయటికి వచ్చి చేతులూపుతాడు.

పాపకి తప్పకుండా చూపించండి. బండి గుండ్రంగా వేగంగా తిరుగుతున్నప్పుడు చక్రం గోడను నొక్కుతుంది, గోడ తిరిగి చక్రాన్ని లోపలికి నెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బండి కిందికి జారకుండా పట్టి ఉంచుతుంది. వేగం తగ్గిందా, పట్టు పోయినట్టే. ఫిజిక్స్ పుస్తకంలో బొమ్మ గీసి చెప్పేది కళ్లెదుట కనిపిస్తుంది. బాబు విషయంలో మాత్రం నాకు అనుమానమే. ఆ చప్పుడు చిన్నపిల్లలకి భరించరానిది, పైగా కిందికి చూడాలంటే ఎత్తుకుని అంచు దగ్గర నిలబడాలి. నేనైతే వాడిని అత్తయ్యగారి దగ్గర కూర్చోబెట్టి పాపని తీసుకెళ్తా. జనం నోటు చాపితే రైడర్లు పైదాకా వచ్చి అందుకుంటారు. ఆ సరదా పిల్లల చేత చేయించకండి. నోటు కోసం వాళ్లు అంచు దాకా రావడం చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే. ఇవ్వాలనిపిస్తే షో అయ్యాక దిగి ఇవ్వండి.

స్టేజీ సంగతి ఒక్క ముక్కలో: పిల్లల డ్యాన్సులు, పాటలు ఉంటాయి, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. సౌండ్ ఒక పక్క, రైడ్స్ కేకలు ఒక పక్క కాబట్టి పాట వినడానికి కాదు, కాళ్లు చాపుకోడానికి మంచిది. ఉర్దూ వచ్చినవాళ్లయితే ముషాయిరా (కవుల సభ) ఏ రోజో కనుక్కుని రండి, దాని రుచి వేరు. ఈ ఎగ్జిబిషన్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు వంద స్టాళ్లతో మొదలైంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్ల ఆలోచన అది. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అందులోదే. రైడ్ టికెట్ల దగ్గర మా నాన్న గొణుగుడు ఆపడానికి అమ్మ ఎప్పుడూ ఈ కాలేజీల మాటే ఎత్తేది. ఏటా ఒకరోజు లేడీస్ డే కూడా పెడతారు. మీరు, అత్తయ్యగారు, పాప మాత్రమే వచ్చేటట్టయితే అది చూసుకోండి.

లోపల జనం ఎక్కువైతే ఫోన్లు కలవవు. దిగగానే అందరూ కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, బాబు చేతి మీద పెన్నుతో మీ నంబర్ రాయండి. ఏ గేటు నుంచి వచ్చారో గుర్తుపెట్టుకోండి, మిగతా గేట్లూ ఎటున్నాయో చూసి ఉంచుకోండి. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదం తర్వాత మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైపోయింది.

కారులో రావద్దు, పార్కింగ్ నరకం. కరీంనగర్ బస్సు జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగుతారు కాబట్టి అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి, రెడ్ లైన్‌లో రెండో స్టేషన్ గాంధీభవన్‌లో దిగితే మైదానం పక్కనే. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. తిరుగు ప్రయాణానికి ఆఖరి మెట్రో ఎన్నింటికో దిగినప్పుడే కౌంటర్‌లో అడగండి. నుమాయిష్ రోజుల్లో కొన్నిసార్లు వేళలు పొడిగిస్తారు, కానీ జూబ్లీ వైపు మారే రైలు కూడా అందాలి కదా.