కాలువ గట్ల మీద ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: భీమవరంలో పని ముగించుకుని రోజూ రాత్రి కాలువ గట్టు రోడ్డు మీదుగా కారులో ఇంటికి వస్తాను. కొన్నిసార్లు పిల్లలు కూడా ఉంటారు. కారు కాలువలోకి దిగిపోతే తలుపు తీసుకుని దూకేయడమే అంటారు అందరూ. అది కుదిరే పనేనా? – ఒక పాఠకుడు, వీరవాసరం

జవాబు: తలుపు జోలికి వెళ్ళకండి. బయట నీరు తలుపు అడుగు నుంచి అరమీటరు లేచేసరికే దాని మీద వంద కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. ఎలాగో నెట్టగలిగినా నీరు ఒక్క ఉదుటున లోపలికి వచ్చి కారును ముంచేస్తుంది. వెనక సీట్లో పిల్లలుంటే వాళ్ళ సంగతి చూసే వ్యవధి కూడా ఉండదు. బయటికి దారి కిటికీ ఒక్కటే.

పడగానే కారు మునిగిపోదు. అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా తేలుతుంది, ఇంజిను బరువుకి ముక్కు ముందు దిగుతుంది. చేయవలసినదంతా ఆ కాస్త సమయంలోనే. ఫోను తీయకండి, 112కి గట్టెక్కాక చేసుకోవచ్చు. మొదట సీటుబెల్టులు, వెంటనే కిటికీ అద్దాలు. బటన్ అద్దాలు నీళ్ళలో పడిన మొదటి క్షణాల్లో సాధారణంగా దిగుతాయి. నీరు అద్దం మీదికి ఎక్కాక మాత్రం మోటారు బాగానే ఉన్నా ఒత్తిడికి అద్దం చట్రంలో బిగుసుకుపోతుంది. పిల్లల్ని ముందు పంపాలి. వాళ్ళలోనూ పెద్దవాళ్ళను ముందు పంపండి, తమంతట తాము పాకి కారు కప్పు పట్టుకోగలరు. చంటివాళ్ళను మీరు పట్టుకుని రావచ్చు.

అద్దం దిగకపోతే పగలగొట్టాలి. కారు ముందువైపు అద్దం మీద శ్రమ పెట్టకండి. రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి బీటలు వారుతుందే గానీ ఊడిరాదు. పక్క అద్దాలు ఎక్కువ కార్లలో టఫెన్డ్ గాజు. మూల దగ్గర గట్టి మొన తగిలితే మొత్తం పొడిపొడిగా రాలిపోతుంది. కొన్ని ఖరీదైన కార్లలో పక్క అద్దాలు కూడా పొరలవే వస్తున్నాయి. మీ కారుకు ఏ అద్దం ఏ రకమో దాని మూలనున్న ముద్రలో రాసి ఉంటుంది, ఈరోజే చూసుకోండి. హెడ్‌రెస్ట్ పీకి దాని ఇనుప కాళ్ళతో కొట్టమని వీడియోల్లో చూపిస్తారు. కొన్ని కార్లలో అది అసలు ఊడదు, ఊడేవాటిలో కూడా చీకట్లో దాని నొక్కు దొరకదు. సుత్తికి నీళ్ళలో ఊపు రాదు. అద్దానికి ఆనించి నొక్కితే చాలే స్ప్రింగ్ పంచ్ ఒకటి కొని, డ్యాష్‌బోర్డు అరలో కాకుండా బెల్టుతో కూర్చున్నప్పుడు చేతికందే చోట కట్టుకోండి.

కారు తలకిందులుగా పడితే పంట బోదెలోని మూడడుగుల నీరు కూడా ప్రాణం తీస్తుంది. అప్పుడు బెల్టు ఒక్కసారిగా విప్పితే తల నేరుగా నీళ్ళలోకి వెళ్తుంది. ఒక అరచేతిని కప్పుకి గట్టిగా ఆనించి, బరువు దాని మీద వేసి, రెండో చేత్తో బెల్టు విప్పాలి.

ఇంకో మాట. గుర్రపుడెక్క కమ్మిన కాలువ హెడ్‌లైటు వెలుగులో పచ్చిక బయలులా కనిపిస్తుంది. రోడ్డు అంచు ఎక్కడుందో తెలియని మలుపుల్లో మెరిసే గుర్తు స్తంభాలు, ఇనుప కంచె పెట్టించమని అర్జీ ఇవ్వండి. ఆ గట్టు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా, జలవనరుల శాఖదా అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే అర్జీ మూడు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: దారిలో దెబ్బలు తగిలి పడి ఉన్నవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్తే మనల్నే స్టేషన్ చుట్టూ తిప్పుతారని ఊళ్ళో భయం. నిజంగా తిప్పుతారా? – ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: తిప్పడానికి వీల్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్, దాని కింద 2020లో వచ్చిన నియమాలు సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉంటారా లేదా అన్నది మీ ఇష్టం. ఉంటానంటే మీకు వీలైన చోట, వీలైన వేళ విచారించాలి. ఆసుపత్రి వాళ్ళు మిమ్మల్ని ఆపి ఉంచకూడదు, చికిత్స డబ్బు కట్టమనకూడదు. ఇదంతా ప్రమాదంతో సంబంధం లేకుండా సాయపడినవారికే, గుద్దిన బండి డ్రైవరుకు కాదు.

ఆటోలో మడిచి కూర్చోబెట్టి తీసుకెళ్ళడం మాత్రం మానండి, మెడ ఎముక దెబ్బతిని ఉంటే అక్కడితో కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. మంటలో, నీటిలో ఉంటే తప్ప 108 వచ్చేదాకా కదపవద్దు. ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ తీయకండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా అదమండి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది కాస్తా ఊడుతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వేయండి. పసుపు, కాఫీపొడి వద్దు. మంచినీళ్ళు అసలు పట్టొద్దు. ఆపరేషన్ అవసరమైతే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

112కి చెప్పడం మరవకండి. 2025 మేలో మొదలైన కేంద్ర పథకం కింద, ఎంపికైన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. దానికి పోలీసుల ధ్రువీకరణ కావాలి.

ప్రశ్న: మూడు నెలల క్రితం రాజోలు దగ్గర 216 జాతీయ రహదారి మీద మా అన్నయ్య బైకును ఏదో వ్యాను గుద్ది ఆగకుండా పోయింది. కాలి ఎముక విరిగింది. నంబరు ఎవరూ చూడలేదు. ఇక ఏమీ రాదంటున్నారు. – ఒక పాఠకురాలు, మలికిపురం

జవాబు: వస్తుంది. గుద్దిన వాహనం తెలియనప్పుడు మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇవే మొత్తాలు. ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయమే. ఫారం 1 నింపి ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్, గాయాల ధ్రువపత్రం, ఆసుపత్రి కాగితాలు, బాధితుడి గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేయండి. అక్కడ విచారణ అయ్యాక మంజూరు చేసేది కలెక్టరు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

ఎక్కడ చెడుతుందంటే ఎఫ్‌ఐఆర్‌లోనూ ఆసుపత్రి కేస్‌షీట్ మొదటి పేజీలోనూ. పోలీసు గొడవ ఎందుకని చేర్చేటప్పుడు ఇంట్లోవాళ్ళు ‘బండి జారి పడ్డాడు’ అని చెప్పేస్తారు. ఆ ఒక్క ముక్క తరవాత ప్రతి ఆఫీసులోనూ అడ్డం తిరుగుతుంది. కేస్‌షీట్ నకలు తెచ్చుకుని చూడండి. ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం’ అని స్పష్టంగా ఉండాలి. ఆ నకలు బాధితుడికి ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

ఇంతటితో వదిలేయకండి, యాభై వేలు ఆపరేషన్ ఖర్చుకే చాలదు. పెట్రోలు బంకులు, కొబ్బరికాయల గోదాముల ముందుండే కెమెరాల్లో రికార్డు కొద్ది వారాల్లో చెరిగిపోతుంది కాబట్టి అప్పట్లో పోలీసులు ఏమైనా సేకరించారా అని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడగండి. ఘటనా స్థలంలో దొరికిన హెడ్‌లైటు ముక్కల మీది నంబరుతో వ్యాను ఏ మోడలో తెలుసుకోవచ్చు. వాహనం దొరికితే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో బీమా కంపెనీ మీద దావా వేయవచ్చు. మీరుండే ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. తప్పు ఎవరిదని నిరూపించనక్కర లేకుండా 164 కింద తీవ్ర గాయానికి 2.5 లక్షలు, తప్పు నిరూపించి 166 కింద వెళ్తే ఆదాయ నష్టం, వైకల్యం లెక్కగట్టి అంతకంటే ఎక్కువ కూడా రావచ్చు. 166 కింద దావాకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు, మీకు మూడే మిగిలాయి. ముందు తీసుకున్న యాభై వేలు అందులో సర్దుబాటు అవుతాయి. మందుల చీటీలు, ప్రయాణపు ఖర్చులు, పని పోయిన రోజుల లెక్క ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టండి.

ప్రశ్న: సార్వా మాసూళ్ళప్పుడు రోడ్డు మీద తప్ప ధాన్యం ఆరబోసే చోటు లేదు. ప్రమాదం లేకుండా ఆరబోసే పద్ధతి చెప్పండి. – ఒక రైతు, ఆచంట మండలం

జవాబు: అలాంటి పద్ధతి లేదు. కల్లాలన్నీ చేపల చెరువులూ లేఅవుట్లూ అయ్యాక, తేమ 17 శాతానికి దిగితే గానీ కొనమంటే రైతు ఎక్కడికి పోతాడన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ గింజలు టైరు కింద దొర్లుతాయి, బైకు ముందు బ్రేకు తాకితే చాలు చక్రం పక్కకు పోతుంది. సగం రోడ్డు ధాన్యానిదైతే ఎదురెదురు బండ్లు ఒకే వరసలో నడుస్తాయి. ప్రాణాలు పోయేది ఎక్కువగా రాత్రిళ్ళు: నల్ల బరకం కప్పిన రాశి లైటుకు మెరవదు, అంచున పేర్చిన రాళ్ళు ధాన్యం ఎత్తాక కూడా అక్కడే ఉండిపోతాయి. దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 వరకు జరిమానా. దానివల్ల ఎవరైనా చనిపోతే వ్యవహారం జరిమానాతో ఆగదు. బడి ఆటస్థలం, గుడి ఆవరణ, ఖాళీ లేఅవుట్, మార్కెట్ యార్డు ఎవరెవరు ఏ రోజు వాడుకోవాలో కోతలకు ముందే పంచాయతీలో వంతులు వేయించండి. కోతలు మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు.

ప్రశ్న: బైకు వెనక చక్రం పక్కనుండే గార్డు తీసేయించాను. చీర కట్టుకున్నవాళ్ళు కూర్చుంటే ఇబ్బందా? – ఒక యువకుడు, తణుకు

జవాబు: ఇబ్బంది కాదు, అపాయం. పైట చెంగు, చున్నీ చక్రంలో చిక్కితే వెనక కూర్చున్న మనిషి వెల్లకిలా పడి తలకు దెబ్బ తగులుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమం 123 ప్రకారం వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకునే మెట్టు ఉండాల్సిందే. మీ మోడల్‌కు సరిపోయేదే తిరిగి బిగించండి, వదులుగా ఉన్నది గొలుసుకు తగులుతుంది. వెనక కూర్చునేవారు కొంగు నడుముకు దోపుకోవాలి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ వాళ్ళకూ కావాలి, పట్టీ కింద రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు.